తెర మీద మ్యాప్ చాలా, కోడ్ కూడా కావాలా? తిరుపతి, చిత్తూరు డేటాతో జీఐఎస్ సాధనాల పోలిక

"క్యూజీఐఎస్ వచ్చండీ, పైథాన్ కూడా నేర్చుకోవాలా?" "ఆర్ మేలంటున్నారు, నిజమేనా?" "ఎర్త్ ఇంజిన్ ఉండగా ఇవన్నీ ఎందుకు?" తిరుపతిలో జాగ్రఫీ, జియాలజీ, వ్యవసాయం, సివిల్ చదివే పిల్లల్లోనూ, ప్రాజెక్టు ఆఫీసుల్లో మ్యాపులు తయారుచేసే వాళ్లలోనూ ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఇవన్నీ జీఐఎస్‌కు, అంటే మ్యాపుల డేటాను చూసి లెక్కగట్టే పనికి, సాధనాలే: క్యూజీఐఎస్ తెర మీద మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్, పైథాన్, ఆర్ కోడ్ రాసే భాషలు, ఎర్త్ ఇంజిన్ ఉపగ్రహ చిత్రాలను తన సర్వర్లలోనే లెక్కించే గూగుల్ సేవ. పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరకదు, ఎందుకంటే అన్నీ అన్ని పనులూ చేస్తామనే చెబుతాయి. ఒక నిజమైన పని తీసుకుని, ఒక్కో సాధనంతో చేయబోతే ఎక్కడ సాఫీగా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూడాలి.

నేను తీసుకున్న పని ఇది: స్వర్ణముఖి పరీవాహకంలోని చెరువుల్లో 2018 నుంచి ఏటా ఎన్ని ఎకరాల్లో నీళ్లు నిలిచాయి, మండలాల వారీగా ఎంత? 2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్ట దగ్గర నీరు కారి, కింది ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు గుర్తున్న వాళ్లకు ఈ లెక్క ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క పనిలోనే చెరువుల హద్దులున్నాయి, మండలాల హద్దులున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి, ఏళ్ల వరుస ఉంది, పట్టికలు కలపడం ఉంది. ఏ సాధనం బలమైనా బలహీనతైనా ఇందులో బయటపడుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తెర మీది జీఐఎస్‌ను వదిలి కోడ్‌కు మారిపోవాలని అనుకోవద్దు. క్యూజీఐఎస్ లాంటిది ఒకటి ఎలాగూ ఉండాలి, ఎందుకంటే మ్యాప్ కంటితో చూడకుండా వచ్చిన అంకెను నమ్మలేం. దాని పక్కన ఏ కోడ్ పెట్టుకోవాలన్నదే ఎంచుకోవలసిన విషయం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, పని ఎన్నిసార్లు చేయాలి? ఒక్క మ్యాప్, ఒక్కసారి అయితే కోడ్ జోలికే పోవద్దు. చంద్రగిరి మండలంలో చెరువులు ఎక్కడున్నాయో చూపించే మ్యాప్ క్యూజీఐఎస్‌లో ఒక పూట పని. అదే వందలాది చెరువులు, ఏడెనిమిదేళ్లు, ఏడాదికి కొన్ని చిత్రాలు అయితే క్లిక్కులతో చేసిన పనిని మళ్లీ అలాగే చేయడం ఎవరి వల్లా కాదు. గైడ్ "నీరని తేల్చే పరిమితి కొంచెం మార్చి చూడు" అన్నారంటే మొత్తం మొదటికొస్తుంది. స్క్రిప్ట్ ఉంటే ఒక అంకె మార్చి మళ్లీ నడిపిస్తే చాలు. మిగతా ప్రమాణాలన్నీ కలిపినా నాకు ఇదొక్కటే బరువుగా తోస్తుంది.

రెండోది డేటా రకం: హద్దుల గీతలా, పిక్సెళ్ల చిత్రాలా, కొలత బిందువులా? మూడోది ల్యాప్‌టాప్, నెట్. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే చిత్రం ఒక్కోటి వందల ఎంబీల్లో ఉంటుంది. హాస్టల్ వైఫైలో అలాంటివి పదుల కొద్దీ దింపుకోవడం, ఎనిమిది జీబీల ర్యామ్‌లో తెరవడం తేలికేమీ కాదు. నాలుగోది లైసెన్సు ఖర్చు. ఐదోదాన్ని చాలామంది పట్టించుకోరు: తప్పు వస్తే చూసి చెప్పే మనిషి మీ పక్కన ఏ భాష వాడుతున్నారు? మీ ల్యాబ్ అంతా ఆర్ వాడుతుంటే, ఎక్కడో ఎవరో పైథాన్ గొప్పదన్నారని మీరొక్కరే అటు పోవడంలో లాభం కంటే నష్టమే ఎక్కువ.

## ఒకే చెరువు, సాధనానికో విస్తీర్ణం

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. దింపుకున్న హద్దుల ఫైళ్లు చాలావరకు అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో ఉంటాయి. వాటిని మీటర్లలోకి మార్చకుండా విస్తీర్ణం అడిగితే ఒక్కో సాధనం ఒక్కోలా స్పందిస్తుంది.

పైథాన్‌లోని జియోపాండాస్ లైబ్రరీ వంద ఎకరాల చెరువుకు 0.000034 లాంటి అంకె ఇస్తుంది. అవి చదరపు డిగ్రీలు. పక్కనే హెచ్చరిక కూడా రాస్తుంది, చదివే ఓపిక ఉండాలి. మ్యాపుల డేటాబేస్ అయిన పోస్ట్‌జీఐఎస్‌లో గడి రకం జామెట్రీ అయితే అదే అంకె ఏ హెచ్చరికా లేకుండా వస్తుంది, జాగ్రఫీ అయితే చదరపు మీటర్లలో సరిగ్గా వస్తుంది. ఆర్‌లోని ఎస్ఎఫ్ ప్యాకేజీ డిగ్రీల డేటా అని తనే గుర్తించి, భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకుని, యూనిట్లతో సహా జవాబిస్తుంది. కొత్తవాళ్లకు ఈ విషయంలో ఆర్ అంత భద్రమైనది ఇంకోటి లేదు. క్యూజీఐఎస్‌లో రెండు దారులున్నాయి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా ప్రాజెక్టు సెట్టింగుల్లోని ఎలిప్సాయిడ్‌ను, అంటే భూమి ఆకారపు నమూనాను, వాడుతుంది. గుర్తు లేని ఏరియా ఫంక్షన్ మాత్రం లేయర్ ఏ యూనిట్లలో ఉంటే ఆ యూనిట్లలోనే లెక్కేస్తుంది. ఒకే చెరువుకు రెండు అంకెలు వచ్చాయని గాభరా పడే వాళ్లకు కారణం సాధారణంగా ఇదే.

మన ప్రాంతానికి పరిష్కారం సులువు. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పడమటి చివర కుప్పం, అన్నీ 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పునే ఉన్నాయి. కాబట్టి అన్నింటికీ యూటీఎం అనే మీటర్ల పద్ధతిలో 44వ ఉత్తర జోన్, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 32644 సరిపోతుంది. తిరుపతి దగ్గర ఈ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదును చేసే పద్ధతిలో) సాగుదల దాదాపు లేనట్టే. కుప్పం దాకా పోయినా విస్తీర్ణంలో తేడా వెయ్యికి ఒకటి చిల్లర. అనంతపురం డేటా కూడా కలుపుకుంటే మాత్రం జాగ్రత్త, అది 43వ జోన్.

ఎర్త్ ఇంజిన్‌లో ఇబ్బంది వేరే రూపంలో వస్తుంది. పలు చిత్రాలు కలిపి ఒకటిగా చేశాక దాని సొంత స్కేలు ఒక డిగ్రీగా మారిపోతుంది. లెక్క వేసేటప్పుడు పది మీటర్లని మీరు చెప్పకపోతే, అది నూటపది కిలోమీటర్ల పిక్సెళ్లతో రాయలచెరువును కొలవబోతుంది.

పది మీటర్ల పిక్సెల్ అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై పిక్సెళ్లు. ఐదెకరాల కుంటలో రెండు వందల పిక్సెళ్లు ఉంటే అందులో పావు వంతు అంచు మీదే పడతాయి. అంచు పిక్సెల్‌ను పూర్తిగా కలుపుకోవాలా, వదిలేయాలా అన్నదాన్ని బట్టి జవాబు బాగా మారుతుంది. పిక్సెల్‌లో ఎంత భాగం హద్దు లోపల ఉందో అంతే లెక్కించే ఎగ్జాక్ట్‌ఎక్స్‌ట్రాక్ట్ ఆర్‌లోనూ పైథాన్‌లోనూ ఉంది. చిన్న కుంటలతో పని ఉంటే అదే వాడండి. పెద్ద చెరువులకు తేడా అంతగా కనిపించదు.

## పేర్ల తిప్పలు

పట్టికలు కలిపేటప్పుడు మన జిల్లాల పేర్లు ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి. ఒక ఫైల్లో గంగాధర నెల్లూరు, ఇంకో ఫైల్లో జి.డి.నెల్లూరు. బుచ్చినాయుడు కండ్రిగ ఒకచోట, బి.ఎన్.కండ్రిగ మరోచోట. వి.కోట అంటే వెంకటగిరికోట, వెంకటగిరి వేరే ఊరు. ఆర్.సి.పురం, ఎస్.ఆర్.పురం సంగతి సరేసరి. పైగా తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 జనాభా లెక్కల్లో నాయుడుపేట, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా కింద ఉంటాయి. పేరుతో జత చేస్తే సగం వరుసలు ఖాళీగా వస్తాయి. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌తోనో, సెన్సస్ కోడ్‌తోనో జత చేయాలి.

ఇక్కడ కోడ్ విలువ తెలుస్తుంది. ఏ పేరును దేనికి సమానంగా తీసుకున్నామో ఒక చిన్న పట్టికగా రాసి స్క్రిప్ట్ పక్కన పెట్టుకోవచ్చు, ఎవరైనా సరిచూడొచ్చు. క్యూజీఐఎస్ అట్రిబ్యూట్ టేబుల్లో చేత్తో దిద్దితే, ఏం దిద్దామో మనకే రెండు నెలల తర్వాత తెలియదు.

తెలుగులో పేర్లు రాసుకునే వాళ్లు షేప్‌ఫైల్ అనే పాత ఫైల్ రకాన్ని వదిలేయాలి. అందులో గడి శీర్షికకు పది బైట్లే చోటు, యూనికోడ్‌లో తెలుగు అక్షర గుర్తు ఒక్కోటీ మూడు బైట్లు తింటుంది. మండలం అని శీర్షిక పెడితే మండ దగ్గరే తెగిపోతుంది. జియోప్యాకేజీ అనే కొత్త ఫైల్ రకంలో ఈ బాధ లేదు. ఇక్కడ చెప్పిన ల్యాప్‌టాప్ సాధనాలన్నీ దాన్ని చదువుతాయి, రాస్తాయి.

## ఒక్కో మార్గం

క్యూజీఐఎస్, దాని లోపలి పైథాన్. 2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలో నడుస్తుంది. కోడ్ రాని వాళ్లకు ఇందులో మంచి మెట్లున్నాయి. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ఏ పని చేసినా దాని పైథాన్ రూపం హిస్టరీలో నిలిచి ఉంటుంది. మొదట బ్యాచ్‌లో నడపండి, తర్వాత మోడల్ డిజైనర్‌లో గొలుసుగా కట్టండి, ఆ మోడల్‌ను పైథాన్ స్క్రిప్ట్‌గా మార్చి చదవండి. ఖాళీ తెర ముందు కూర్చుని కోడ్ మొదలుపెట్టడం కంటే ఈ దారిలో భయం త్వరగా పోతుంది.

దీని పరిమితి కూడా చెప్పాలి. పైక్యూజీఐఎస్, అంటే ఆ లోపలి పైథాన్, నేర్చుకుంటే క్యూజీఐఎస్‌ను నడపడం వస్తుంది, డేటా విశ్లేషణ అంతగా రాదు. పట్టికలు తిప్పడం, గ్రాఫులు, గణాంకాలకు మళ్లీ వేరే లైబ్రరీలు కావాలి. వాటిని క్యూజీఐఎస్ తనతో తెచ్చుకున్న పైథాన్‌లోకి ఎక్కించబోతే, ముఖ్యంగా విండోస్‌లో, రెండూ చెడే ప్రమాదం ఉంది. విశ్లేషణకు విడిగా కొండా ఎన్విరాన్‌మెంట్ (వేరుగా నడిచే పైథాన్ ఏర్పాటు) పెట్టుకోవడం క్షేమం.

విడి పైథాన్: జియోపాండాస్, రాస్టీరియో. చాలామందికి నేను సూచించేది ఇదే. చెరువుల హద్దులు, మండలాలు జియోపాండాస్‌తో, చిత్రాలు రాస్టీరియోతో, ఏళ్ల వరుస ఎక్స్‌అర్రేతో. కింద పనిచేసే జీడాల్, జియోస్, ప్రోజ్ లైబ్రరీలు క్యూజీఐఎస్‌వే, కాబట్టి ఒకచోట చేసినది ఇంకోచోట తెరిస్తే తేడా రాదు. ఇక్కడ నేర్చుకున్నది మ్యాపులు లేని ఉద్యోగంలో కూడా పనికొస్తుంది. పిల్లలకు నేను మొదట చెప్పే కారణం అదే.

జియోపాండాస్ మాత్రం డేటా మొత్తాన్ని ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. చెరువులకు ఇబ్బంది లేదు. జిల్లా మొత్తం సర్వే నంబర్ల హద్దులైతే మామూలు ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ఉపగ్రహ చిత్రాలు మీరే దింపుకుంటే ఇంకో విషయం చూసుకోవాలి: 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల పిక్సెల్ విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకుండా నీటి సూచిక (పిక్సెల్ విలువల నుంచి నీరుందో లేదో చెప్పే అంకె) లెక్కిస్తే 2021కీ 2022కీ మధ్య చెరువులన్నీ ఒక్కసారిగా మారినట్టు కనిపిస్తుంది. ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అనే సేకరణ తీసుకుంటే ఆ సవరణ చేసి ఉంటుంది.

ఆర్: హద్దులకు ఎస్ఎఫ్, చిత్రాలకు టెరా. ప్రశ్న గణాంకాలదైతే ఆర్‌కే నా ఓటు. బోరుబావుల నీటిమట్టాల నుంచి మధ్య ప్రాంతాల మట్టం అంచనా వేయాలన్నా, పక్కపక్క మండలాల విలువలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో పరీక్షించాలన్నా జీస్టాట్, ఎస్‌పీడెప్ ప్యాకేజీలు ఏళ్ల తరబడి నలిగినవి. వ్యవసాయ కళాశాల వాళ్లకు ప్రయోగ గణాంకాల కోసం ఆర్ ఎలాగూ అలవాటే, అదనంగా నేర్చుకోవలసింది కొంచెమే. ఒక్క హెచ్చరిక: చిత్తూరు వైపు నేల గట్టి గ్రానైటు. నీళ్లు పగుళ్లలో ఉంటాయి. ఒక బోరులో నీళ్లున్న చోటికి వంద గజాల్లో ఇంకోటి ఎండిపోయి ఉండొచ్చు. క్రిగింగ్ (చుట్టూ ఉన్న కొలతల నుంచి మధ్య విలువలు అంచనా వేసే పద్ధతి) గీసే నున్నని రంగుల మ్యాప్ అక్కడ నిజం చెప్పకపోవచ్చు. వేరియోగ్రామ్ (దూరం పెరిగే కొద్దీ విలువల తేడా ఎలా మారుతుందో చూపే గ్రాఫు) చూడకుండా మ్యాప్ అచ్చు వేయకండి.

పాత పాఠాలతో నేర్చుకునే వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ ప్యాకేజీలను 2023 అక్టోబరులో విరమించారు. వాటితో రాసిన వీడియోలు, నోట్సు వెంట పోతే మొదటి వరుస దగ్గరే ఆగిపోతారు.

ఎర్త్ ఇంజిన్. మన చెరువుల పనికి, ఏళ్ల వరుస చూసేందుకు, ఇంత వేగంగా జవాబిచ్చేది ఇంకోటి లేదు. చిత్రాలు దింపుకోనక్కర్లేదు, లెక్క వాళ్ల సర్వర్లలో జరుగుతుంది, మనకు పట్టిక వస్తుంది. చదువుకు, పరిశోధనకు ఉచితం, వ్యాపార పనికి డబ్బు కట్టాలి. జావాస్క్రిప్ట్‌లో బ్రౌజర్‌లోనే రాయొచ్చు, పైథాన్ నుంచీ పిలవొచ్చు. 1984 నుంచి నీటి ఉనికి చూపే ప్రపంచ పటం కూడా అందులో సిద్ధంగా ఉంది, ముప్పై మీటర్ల పిక్సెళ్లతో.

మనకు వానలు బాగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల్లో. చెరువు నిండి మొరవ పోయే రోజుల్లోనే ఆకాశం నిండా మబ్బులు. మబ్బు లేని చిత్రాలు ఎక్కువగా జనవరి నుంచి దొరుకుతాయి, అప్పటికి పొలాలకు నీళ్లు వదిలి ఉంటారు. మబ్బు గుండా చూసే సెంటినెల్-1 రాడార్‌ను కలుపుకోవాలంటే ల్యాప్‌టాప్‌లో పెద్ద పని, ఎర్త్ ఇంజిన్‌లో తేలిక. అయితే సర్కారు తుమ్మ కమ్మేసిన చెరువుల్లో చెట్ల కింది నీళ్లు నీటి సూచికకు కనపడవు, గుర్రపు డెక్క పరుచుకున్న చోటా అంతే. అందుకే ఫలితాన్ని క్యూజీఐఎస్‌లోకి తెచ్చి, ఊరు తెలిసిన కంటితో, వీలైతే కట్ట మీదికి వెళ్లి సరిచూడాలి.

పోస్ట్‌జీఐఎస్. ఒక్కరి పనికి అక్కర్లేదు. ఐదుగురు ఒకే డేటా మీద పనిచేస్తూ, ఫైనల్, ఫైనల్‌టూ, నిజంగా ఫైనల్ అనే ఫైళ్లతో సతమతమవుతుంటే ఇదే మందు. లక్షల హద్దుల్లో "ఈ చెరువుకు 500 మీటర్ల లోపు ఉన్న సర్వే నంబర్లు" అని అడిగితే, ఇండెక్స్ సరిగ్గా ఉంటే, వెంటనే ఇస్తుంది. క్యూజీఐఎస్ నేరుగా దానికి తగులుకుంటుంది. ఉచితమే గానీ సర్వర్ చూసుకునే మనిషి ఒకరుండాలి.

ఆర్క్‌జీఐఎస్ ప్రో, ఆర్క్‌పై. మొదటిది ఎస్రీ కంపెనీ సాఫ్ట్‌వేర్, రెండోది దాన్ని నడిపే పైథాన్ లైబ్రరీ. ఆఫీసు కొని పెట్టి ఉంటే వాడుకోండి, మంచి సాధనమే. లైసెన్సు లేకుండా ఆర్క్‌పై నడవదు, ప్రో విండోస్ తప్ప వేరే దానిలో ఎక్కదు, రాస్టర్ (పిక్సెళ్ల చిత్రాల) విశ్లేషణలో చాలా వాటికి అదనపు ఎక్స్‌టెన్షన్ కావాలి. ప్రోకు ముందున్న ఆర్క్‌మ్యాప్ కాలపు స్క్రిప్టులు పైథాన్ 2.7లో ఉంటాయి, మార్చక తప్పదు. ఆర్క్‌మ్యాప్‌కు కంపెనీ మద్దతు 2026 మార్చి 1తో ముగిసింది.

## పక్కపక్కన

| మార్గం | ఎందులో మేటి | ల్యాప్‌టాప్, నెట్ | ఖర్చు | ఎక్కడ ఆగుతుంది |
|---|---|---|---|---|
| క్యూజీఐఎస్ | చూడటం, దిద్దడం, మ్యాప్ అచ్చు | సాధారణం, నెట్ లేకున్నా సరే | ఉచితం | గణాంకాలు |
| జియోపాండాస్, రాస్టీరియో | మళ్లీ మళ్లీ చేసే పని | ర్యామ్ ఎక్కువుంటే మేలు | ఉచితం | చాలా పెద్ద హద్దుల డేటా |
| ఎస్ఎఫ్, టెరా | గణాంకాలు, అంచనాలు | సాధారణం | ఉచితం | పెద్ద చిత్రాల వరుస |
| ఎర్త్ ఇంజిన్ | ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు | చిన్న ల్యాప్‌టాప్ చాలు, నెట్ తప్పనిసరి | చదువుకు ఉచితం | సొంత హద్దులు దిద్దడం |
| పోస్ట్‌జీఐఎస్ | పలువురు, లక్షల వరుసలు | సర్వర్ కావాలి | ఉచితం | చిత్రాలు, మ్యాప్ గీయడం |
| ఆర్క్‌జీఐఎస్ ప్రో | ఆఫీసు ప్రమాణాలు | బలమైన విండోస్ యంత్రం | లైసెన్సు | లైసెన్సు అయిపోయిన రోజు |

## మీరు ఎవరైతే ఏది

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఒక సెమిస్టర్ మాత్రమే ఉన్న వాళ్లు క్యూజీఐఎస్, ఎర్త్ ఇంజిన్ పట్టుకోండి. చెరువుల నీటి పట్టిక అక్కడ తీసి, మ్యాప్ ఇక్కడ చేయండి. ఆ గడువులో కొత్త భాష మొత్తం నేర్చుకోవాలని పెట్టుకోవద్దు.

పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు మూడు నాలుగేళ్లున్నాయి. పైథాన్ గానీ ఆర్ గానీ ఒకటి లోతుగా నేర్చుకోవాలి. గణాంకాలు ప్రధానమైతే ఆర్, మిగతా అందరికీ పైథాన్. ఎర్త్ ఇంజిన్ ఒక్కదాని మీదే థీసిస్ అంతా నిలబెట్టడం నాకు నచ్చదు. ఆ సేవ నిబంధనలు మన చేతిలో లేవు. పట్టికలు ఎప్పటికప్పుడు దింపి మీ దగ్గర ఉంచుకోండి.

ఉద్యోగం కోసం నేర్చుకునే బీటెక్ పిల్లలు పైథాన్‌తో పాటు ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటే, పోస్ట్‌జీఐఎస్ దాని వెంటే వస్తుంది. ఆ రెండూ తెలిసి, ప్రొజెక్షన్ గురించి తడబడకుండా మాట్లాడగలిగిన వాళ్లకు గిరాకీ ఉంది.

నీటి సంఘాలతో, రైతులతో పనిచేసే చిన్న సంస్థలకు క్యూజీఐఎస్ చాలు. జియోప్యాకేజీ ఒకటి, మోడల్ డిజైనర్‌లో కట్టిన రెండు మూడు గొలుసులు. ఎకరాలు, సెంట్లలో చూపండి, హెక్టార్లు ఊళ్లో ఎవరూ అడగరు.

ఏది ఎంచుకున్నా, పని ఇంకొకరికి అప్పగించేటప్పుడు ఒకే ఫోల్డర్‌లో నాలుగు ఉంచండి: ఎవరూ ముట్టని మూల డేటా, స్క్రిప్ట్ లేదా మోడల్ ఫైల్, పేర్లను కోడ్‌లతో జత చేసిన పట్టిక, వాడిన లైబ్రరీల వెర్షన్ల జాబితా. చెరువు హద్దు ఏ నెల చిత్రం మీద గీశారో కూడా ఒక గడిలో రాసి పెట్టండి. నిండిన చెరువు మీద గీసిన హద్దుకూ, ఎండినప్పుడు గీసిన హద్దుకూ ఎకరాల్లో తేడా ఉంటుంది. ఆ తేదీ లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు దేనితో పోల్చాలో తెలుసుకోలేరు.